అయిదు కోర్సుల్లో నాలుగు వదిలెయ్యి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఒకేసారి అయిదు ఉచిత ఆన్‌లైన్ కోర్సుల్లో చేరానని రాశావు. నీ ఉత్సాహం చూస్తే ముచ్చటేసింది. అయినా చెబుతున్నాను, నాలుగింటిని ఈ రోజే వదిలెయ్యి.

ఈ చదువుల విలువ తెలియక అనడం లేదమ్మా. 2012లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం వాళ్లు ఎలక్ట్రానిక్ సర్క్యూట్ల పాఠాన్ని ప్రపంచమంతటికీ ఉచితంగా తెరిస్తే దాదాపు 1,55,000 మంది పేర్లు నమోదు చేసుకున్నారు. చివరికి ఉత్తీర్ణులైనది 7,157 మంది. అంతమందికి తరగతి గదిలో చెప్పాలంటే ఒక ఆచార్యుడి ఉద్యోగకాలమంతా పడుతుంది. అందుకే నాకు ఈ చదువంటే గౌరవం. మధ్యలో మానేసినవారిలో చూసి పోదామని వచ్చినవారూ ఉంటారు, వారి సంగతి వేరు. పూర్తి చేయాలనే కోరికతో చేరి జారిపోయినవారిని తలచుకుంటేనే బాధ. బడికి రెండు రోజులు వెళ్లకపోతే పక్క బల్ల మీది స్నేహితురాలైనా అడుగుతుంది. ఇక్కడ నువ్వు రాలేదన్న సంగతే ఎవరికీ తెలియదు.

నా మొదటి కోర్సు గణాంక శాస్త్రం. మూడు వారాలు వరసగా వీడియోలు చూశాను. ఆచార్యుడు చెబుతుంటే అంతా తేటతెల్లంగా ఉండేది. నాలుగో వారం అయిదు అంకెలిచ్చి ప్రామాణిక విచలనం, అంటే అవి సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత, కట్టమన్నారు. తెల్లకాగితం ముందు అరగంట కూర్చున్నా చేయి కదలలేదు. ఆ రాత్రే మళ్లీ మొదటి పాఠానికి వెళ్లాను. అప్పటినుంచి తెర మీద లెక్క కనబడగానే వీడియో ఆపేస్తాను. నోటుబుక్కులో సొంతంగా చేసి, తప్పో ఒప్పో జవాబు రాశాకే ముందుకు కదులుతాను. పది నిమిషాల వీడియోకు గంట పడుతుంది. పడనీ. అందుకే అయిదూ ఒకేసారి వద్దంటున్నాను.

కోర్సును ఎంచుకునేటప్పుడు విశ్వవిద్యాలయం పేరు చూసి మురిసిపోకు. ముందుగా ఏమేం తెలిసి ఉండాలన్నారో చదువు, రెండో వారం అభ్యాసాలు తెరిచి చూడనిస్తే చూడు. నీకు మరీ కొరుకుడు పడకపోతే దానికి పునాది అయిన కోర్సుతో మొదలుపెట్టు, అందులో చిన్నతనమేమీ లేదు.

ఉచితమన్నది చాలాచోట్ల వీడియోలు చూడటం వరకే. మార్కులు వేసే పరీక్షలకూ ధ్రువపత్రానికీ డబ్బు అడుగుతారు. డబ్బు కట్టినవారిలో పూర్తి చేసేవారు ఎక్కువన్నది నిజమే. కానీ మూడు వారాల అభ్యాసాలు నీ చేతితో చేశాకే కట్టు. స్తోమత లేనివారికి కొన్ని వేదికలు రుసుము తగ్గిస్తాయి, మొహమాటపడకుండా దరఖాస్తు పెట్టు.

అదే కోర్సు చదివే తోడు ఒకరిని వెతుక్కో. వారానికోసారి ఫోనులో ఒకరికొకరు పాఠం చెప్పుకోండి. దొరకకపోతే నాకు చెప్పు, వింటాను. ఆ విషయం నాకు రాకపోయినా ఫరవాలేదు, నాకు అర్థమయ్యేలా చెప్పగలిగావంటే నీకు వచ్చినట్టే.

ఏ కోర్సు ఉంచుకున్నావో రాయి. మొదటి వారం లెక్కల పేజీ ఫొటో తీసి పంపు, కొట్టివేతలతో సహా.

మామయ్య