రెండు రంగుల సాక్సులు వేసుకుంటానంటే వద్దనకండి

ప్రశ్న: మా పాపకు నాలుగేళ్లు. కొన్ని నెలలుగా బట్టల దగ్గర రోజూ పేచీయే. ఒక కాలికి పసుపు సాక్సు, మరో కాలికి నీలం సాక్సు వేసుకుంటుంది. పరికిణీ మీద వాళ్ల నాన్న టీషర్టు తొడుక్కుంటుంది. మిట్టమధ్యాహ్నం రెయిన్‌కోటు కావాలని ఏడుస్తుంది. పెరుగన్నం గిన్నె మూతలోనే పెట్టాలంటుంది. మాటలు, ఆటలు అన్నీ బాగానే ఉన్నాయి. గారాబం చేసి చెడగొడుతున్నానని మా అత్తగారు అంటున్నారు. వచ్చే నెల మా ఆడపడుచు పెళ్లి. అక్కడా ఇలాగే చేస్తే నలుగురిలో తలవంపులని భయంగా ఉంది. ఇది మొండితనమా? డాక్టర్‌కు చూపించాలా?
– ఓ తల్లి, ఖమ్మం

సమాధానం: మీరు రాసినదాన్ని బట్టి ఇది జబ్బులా లేదు, మీ పెంపకంలో లోపమూ కాదు. ఎప్పుడు లేవాలో, ఏ బడికి వెళ్లాలో, ఏం తినాలో, ఎవరింటికి వెళ్లాలో అన్నీ పెద్దవాళ్లే నిర్ణయిస్తారు. నాలుగేళ్ల పిల్లకు ఇక మిగిలేవి సాక్సుల రంగు, అన్నం పెట్టే గిన్నె. తనకంటూ ఒక ఇష్టం ఉందని పాప అక్కడే చెబుతోంది. చెప్పనివ్వండి. మూతలో తిన్నా కడుపులోకి వెళ్లేది అదే పెరుగన్నం కదా!

మనోవిశ్లేషకుడు ఎరిక్ ఎరిక్‌సన్ 1950లోనే పిల్లల మానసిక ఎదుగుదలను దశలుగా వివరించారు. ఏడాదిన్నర నుంచి మూడేళ్ల వరకు ‘నా పని నేనే చేసుకుంటా’ అనే దశ. ఆ తర్వాత ఐదారేళ్ల వరకు సొంతంగా చొరవ చూపే దశ. మీ పాప ఇప్పుడు ఇందులోనే ఉంది. ఈ వయసులో అడుగడుగునా అడ్డుపడితే, ఏం చేసినా తప్పేనేమో అన్న బెరుకు పిల్లల్లో నాటుకుపోతుంది. అందుకే నాకు సాక్సుల కన్నా ఇంట్లోవాళ్ల మాటల గురించే ఎక్కువ బెంగ. ‘ఛీ, ఎలా ఉన్నావో చూసుకో’ అని పాప ముందు అనకండి, ఎవరినీ అననివ్వకండి. ఆ వేషాన్ని ఫోనులో తీసి, బంధువులకు పంపి నవ్వుకోవడమూ వద్దు. ఆ నవ్వు తన మీదేనని నాలుగేళ్ల పిల్లకు తెలుస్తుంది.

నా దగ్గరకు చెవి నొప్పితో వచ్చే పిల్లలను ‘ముందు ఏ చెవి చూడమంటావు?’ అని అడుగుతాను. అప్పటిదాకా అమ్మ ఒళ్లో ముడుచుకున్న పిల్ల కాసేపు ఆలోచించి, నొప్పి ఉన్న చెవిని అరచేత్తో మూసుకుని రెండోది నాకు చూపిస్తుంది. రెండు చెవులూ చూడక తప్పదు. ఏది ముందన్నది మాత్రం తన ఇష్టం. ఆ కాస్త ఇష్టం చెల్లితే చాలు, చాలామంది ఏడవకుండా చూపించుకుంటారు.

ఇంట్లోనూ ఇదే పద్ధతి. బీరువా తెరిచి ‘ఏం వేసుకుంటావు?’ అని అడిగితే పాప తికమకపడుతుంది. రెండు జతలు మంచం మీద పెట్టి ఒకటి తీసుకోమనండి. ‘వద్దు’ అంటే ఒప్పుకోలేని చోట అసలు అడగకండి. ‘మందు వేసుకుంటావా?’ అని అడిగి, వద్దనగానే బలవంతంగా పోయడం నమ్మకద్రోహమే. మందు చెంచాతోనా, చిన్న కప్పుతోనా అని అడగండి. ఒకసారి పాప ఎంచుకున్నాక, పక్కింటివాళ్లు చూస్తున్నారని మార్చేయకండి.

రెయిన్‌కోటు సంగతి వేరు. ఎండలో అది చెమటను ఆరనివ్వదు, చిన్నపిల్లల ఒళ్లు త్వరగా వేడెక్కుతుంది. బయట వద్దని గట్టిగానే చెప్పండి. ఇంట్లో ఫ్యాను కింద కాసేపు వేసుకోనివ్వండి. రోడ్డు దాటేటప్పుడు చేయి పట్టుకోవడం, బండి మీద హెల్మెట్, పళ్లు తోముకోవడం వంటి వాటిలోనూ బేరాలుండవు.

అన్నీ పిల్లలకే వదిలేయాలని నేను అనను. ఆ మేరకు మీ అత్తగారి మాటా సబబే. మనస్తత్వ పరిశోధకులు షీనా అయ్యంగార్, మార్క్ లెప్పర్ అమెరికాలో ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలతో చేసిన అధ్యయనం 1999లో వచ్చింది. తెల్లజాతి పిల్లలు తాము ఎంచుకున్న పనిని బాగా చేశారు. ఆసియా మూలాలున్న పిల్లలు మాత్రం, అమ్మ ఎంచిందని చెప్పిన పనిని అంతకన్నా బాగా చేశారు. అమ్మ ఎంపిక అంటే పిల్లలకు గిట్టనిదే కానక్కరలేదు. కాబట్టి పెళ్లికి పట్టుపరికిణీ మీరే ఎంచండి. గాజులు, రిబ్బన్లు పాపకు వదిలేయండి. ఒక చేతికి ఎర్రవి, మరో చేతికి పచ్చవి అడిగితే అలాగే తొడగండి. ఎవరైనా నవ్వితే ‘తనే ఎంచుకుంది, నాకూ నచ్చింది’ అని పాప వినేలా చెప్పండి.

డాక్టర్‌కు చూపించాల్సిన పరిస్థితులు వేరే ఉంటాయి. చొక్కా మెడ వెనక లేబుల్, కుట్లు తగిలితేనే భరించలేక గిలగిల్లాడటం, ఒక్క బట్ట మారినా చాలాసేపు ఊరుకోకపోవడం, మాటలు ఆలస్యం కావడం, వచ్చిన మాటలు పోవడం, పిలిస్తే పలకకపోవడం, వీటిలో ఏది ఉన్నా పిల్లల వైద్యుడికి చూపించాలి. పిల్లల ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఏర్పాటైన డీఈఐసీ (డిస్ట్రిక్ట్ ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్) కేంద్రాల్లో ఎదుగుదల పరీక్షలు, చికిత్స ఉచితం. మీ జిల్లా ప్రభుత్వాసుపత్రిలో అడిగితే వివరాలు చెబుతారు.