ఎవరికి, ఎప్పుడు, ఎంత తెలియాలి?

తమ్ముడూ,

నీ క్లాసు కోసం తీయబోతున్న థ్రిల్లర్ షార్ట్ ఫిల్మ్ స్క్రిప్టు అందింది, చదివాను. 14 పేజీలు, నాలుగు హత్యలు, ముసుగు మనిషి, వాన, ఒక ఇన్‌స్పెక్టర్, చివరికి ఆ ఇన్‌స్పెక్టరే హంతకుడని తేలడం. నిడివి 8 నిమిషాలని పైన రాశావు. మామూలు లెక్కలో స్క్రిప్టు పేజీ ఒకటి తెర మీద దాదాపు ఒక నిమిషం. థ్రిల్లర్‌కి ఆ లెక్క కూడా చాలదు. ‘ఆమె మెల్లగా మెట్లు ఎక్కుతుంది’ అని నువ్వు ఒక్క లైనులో రాసింది తీసేసరికి అర నిమిషం తినేస్తుంది. అంటే నీ చేతిలో ఉన్నది 20 నిమిషాల సినిమా. అంత సినిమాకి కావలసిన మనుషులు గానీ, రోజులు గానీ నీ దగ్గర లేవని నువ్వే ఉత్తరంలో రాశావు.

అయితే తొమ్మిదో పేజీలో ఒక మంచి సంగతి ఉంది. ఆ అమ్మాయి రాత్రి ఇంటికి వచ్చి పూలకుండీ కింద నుంచి తాళంచెవి తీసుకుంటుంది. ‘తను పెట్టినట్టు లేదు’ అని రాసి, నువ్వు వెంటనే ముసుగు మనిషి దగ్గరికి పరిగెత్తావు. నా మాట విని ముసుగు మనిషిని వదిలెయ్. ఇన్‌స్పెక్టర్‌నీ, ఆ నాలుగు హత్యలనీ కూడా. వానని ముందు వదిలెయ్. తెర మీద బాగానే ఉంటుంది గానీ డైలాగు వినపడనివ్వదు, కెమెరా ఎక్కడ తడుస్తుందో అన్న టెన్షన్‌లో షాటు సంగతి ఎవరూ చూడరు. ఆ తాళంచెవి ఒక్కటి ఉంచుకో. 8 నిమిషాలకి అది చాలు.

థ్రిల్లర్ రాయడమంటే సమాచారం పంచడం. ఏ సంగతి ఎవరికి ముందు తెలియాలి, ఎవరికి ఆలస్యంగా తెలియాలి, ఎవరికి అసలు తెలియకూడదు అన్నది తేల్చుకోవడమే సగం పని. కత్తి, చీకటి, నెత్తురు ఆ తర్వాతి సంగతులు. అందుకే స్క్రిప్టు తిరగరాసే ముందు ఒక కాగితం మీద మూడు గడులు గీసుకో. ఒకటి అమ్మాయికి తెలిసింది. రెండోది ఇంట్లోకి వచ్చిపోయిన మనిషికి తెలిసింది. మూడోది ప్రేక్షకుడికి తెలిసింది. ఒక్కో సీనుకి ఒక్కో వరుస నింపుకుంటూ వెళ్లు. ఏ వరుసలోనైనా మూడు గడుల్లోనూ ఒకటే ఉందంటే ఆ సీను ఎంత బాగా తీసినా కుర్చీలో ఎవరూ కదలరు.

ఒక ఉదాహరణ చూడు. అమ్మాయి రాకముందే, ఎవరిదో చెయ్యి కుండీ కింద తాళంచెవి పెట్టి వెళ్లిపోవడం మనకి చూపించావనుకో. ఆమె ఫోన్లో నవ్వుతూ మాట్లాడుకుంటూ మెట్లెక్కుతుంటే మనకి ఊపిరాడదు. అదే షాటు దాచి, ఆమె లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాక చూపిస్తే ఒక్కసారి ఉలిక్కిపడతాం, అంతే. అవే షాట్లు, అదే అమ్మాయి, అదే తలుపు. వరుస మారితే సినిమా మారిపోతుంది, దీనికి పైసా ఖర్చు లేదు. విద్యార్థి సినిమాకి ఇంతకంటే గొప్ప స్పెషల్ ఎఫెక్టు నాకు తెలియదు.

బల్ల కింద బాంబు ఉందని ప్రేక్షకుడికి ముందే చెప్పాలని థ్రిల్లర్లకి పేరుపడ్డ దర్శకుడు ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ అన్న మాట నీకు క్లాసులో చెప్పే ఉంటారు. ఫ్రెంచి దర్శకుడు ఫ్రాన్సువా త్రూఫో 1962లో ఆయనతో రోజుల తరబడి మాట్లాడి పుస్తకం వేశాడు, ఆ మాట అందులోది. అందరూ బాంబు దగ్గరే ఆగిపోతారు. నాకు అదే సంభాషణలో ఇంకో చోటు ముఖ్యం. 1936లో వచ్చిన ఆయన సినిమా ‘సాబొటాజ్’లో ఒక పిల్లవాడు తన చేతిలో ఉన్నది బాంబని తెలియక బస్సెక్కుతాడు. మనకి తెలుసు. గడియారం చూపిస్తూ, ట్రాఫిక్ చూపిస్తూ హిచ్‌కాక్ మనల్ని బాగా సాగదీస్తాడు. చివరికి బాంబు పేలి పిల్లవాడు చనిపోతాడు. అది తను చేసిన తప్పని ఆయన తర్వాత ఒప్పుకున్నాడు. అంతసేపు భయపెట్టి, ఆ భయానికి విడుదల ఇవ్వకపోతే ప్రేక్షకుడికి మన మీద కోపం వస్తుంది. నీ ముగింపు రాసుకునేటప్పుడు ఇది ఆలోచించు. ఆ అమ్మాయికి ఏమీ కాకూడదని నేను చెప్పడం లేదు. ఏం జరిగినా, అంతసేపు ఊపిరి బిగబట్టిన మనిషికి నువ్వు ఏమిస్తున్నావో నీకు స్పష్టంగా తెలియాలి.

నువ్వు పంపిన రీసెర్చి ఫైలు సంగతికి వస్తాను. కోసినట్టుండే వెలుగునీడలు, ఒరిగిన కెమెరా, ఒంటరి నాయిక అంటూ థ్రిల్లర్ లక్షణాలన్నీ చక్కగా రాశావు. మార్కులకి పనికొస్తుంది, ఉంచు. కానీ అది సినిమాల్లోంచి సినిమా తీయడానికి చేసిన రీసెర్చి. ఇప్పుడు మారు తాళంచెవులు చేసే మనిషి దగ్గరికి వెళ్లు. ప్రశ్నల కాగితం తీయకు, పని జరుగుతుంటే పక్కన నిలబడి చూడు. కొత్తగా కోసిన తాళంచెవి అంచు గరుకుగా ఉంటుంది, కోసిన చోట లోహం మెరుస్తుంటుంది. పాతది జేబుల్లో తిరిగి తిరిగి నునుపుదేలి ఉంటుంది. కొత్తది తాళంలో ఒక్కోసారి పట్టేస్తుంది, కాస్త కదిపి తిప్పాలి.

ఇది తెలిశాక నీ కథ చూడు. వచ్చినవాడు పాత తాళంచెవి తన దగ్గర ఉంచుకుని, పొరపాటున కొత్తది కుండీ కింద పెట్టాడు. అమ్మాయి కళ్లు ఫోన్ మీద ఉన్నాయి, బొటనవేలు మాత్రం ఆ గరుకు అంచు మీద ఆగింది. తాళం ఎప్పట్లా తిరగలేదు. ఒక్క డైలాగు లేకుండా కథలో అసలు మలుపు వచ్చేసింది. నీ గదిలో కూర్చుని ఎంత ఆలోచించినా ఇది తట్టదు.

రాత్రి కాపలా కాసే మనిషితో కూడా మాట్లాడు. ఏ చప్పుడు వింటే లేచి చూస్తారు, ఏ చప్పుడు విన్నా పట్టించుకోరు అని అడుగు. ఇలాంటి మనుషులని ‘నేరం ఎలా చేస్తారు?’ అని అడిగితే బిగుసుకుపోతారు, అది న్యాయమే. నీకు పద్ధతి అక్కర్లేదు, ఆనవాలు కావాలి. తాళం ఎలా తీశాడో చూపించే సినిమా కంటే, తీసి వెళ్లాక ఏం మిగిలిందో చూపించే సినిమా ఎప్పుడూ ఒక మెట్టు పైనే ఉంటుంది.

సినిమాలు చూడొద్దని కాదు. పది చూడటం కంటే, ఒక మంచి షార్ట్ ఫిల్మ్ తీసుకుని ఒకసారి సౌండ్ తీసేసి, ఒకసారి కళ్లు మూసుకుని, ఒకసారి ఒక్కో షాటు ఎన్ని సెకన్లుందో రాసుకుంటూ చూడు. కళ్లు మూసుకుని చూసినప్పుడే చాలామందికి బుద్ధి వస్తుంది. శబ్దం కూడా సమాచారమే. దర్శకుడు ఫ్రిట్జ్ లాంగ్ 1931లో తీసిన ‘ఎం’ సినిమాలో హంతకుడికి ఒక ఈల అలవాటు. చివరికి అతన్ని పట్టిచ్చేది చూపులేని బెలూన్ల వ్యాపారి, ఆ ఈల విని గుర్తుపట్టి. అప్పటికి సినిమాకి మాటలొచ్చి ఎన్నో ఏళ్లు కాలేదు. నీ సినిమాలో ఆ మనిషి మొహం చూపించకుండా అతనికి ఒక చప్పుడు ఇవ్వు. చెప్పు కీచుమనడమో, గొంతు సవరించుకోవడమో. అది మొదటి నిమిషంలోనే, ఎవరూ పట్టించుకోని చోట వినిపించాలి.

ప్రేక్షకుల సర్వే అని క్లాసులో ఫారాలు పంచావట. ‘మీకు థ్రిల్లర్లు ఇష్టమా?’ అంటే అందరూ ఇష్టమే అంటారు, దాంతో నీకు ఒరిగేదేమీ లేదు. దానికి బదులు నలుగురిని ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి కథ రెండు నిమిషాల్లో నోటితో చెప్పు. ఎక్కడ ‘ఆ తర్వాత?’ అన్నారో, ఎక్కడ ఫోన్ చూసుకున్నారో, ఎక్కడ ‘వాడే కదా!’ అన్నారో గుర్తుపెట్టుకుని, వాళ్లు వెళ్లాక రాసుకో. ఎదురుగా రాస్తే జాగ్రత్తపడి మంచి మాటలే చెబుతారు.

ఇక ప్లానింగ్. లొకేషన్‌ని నువ్వు షూటింగ్ చేసే వేళకే వెళ్లి చూడు. పగలు ప్రశాంతంగా ఉన్న ఇంటి పక్కనే రాత్రి జెనరేటర్ మోగొచ్చు. కాసేపు కళ్లు మూసుకుని కూర్చుంటే ఫ్రిజ్, ఫ్యాను, రోడ్డు అన్నీ వినపడతాయి. వాటిలో ఏవి ఆపగలవో చూసుకో. షూటింగ్ రోజు అందర్నీ కదలకుండా నిలబెట్టి ఆ గది నిశ్శబ్దాన్ని ఒక నిమిషం రికార్డు చేసుకో, ఎడిటింగులో డైలాగుల మధ్య సందులు అదే పూడుస్తుంది. నిశ్శబ్దం మీద నడిచే సినిమాకి అది మరీ అవసరం.

ఇంటి ప్లాను గీసి తలుపు ఎక్కడ, కుండీ ఎక్కడ, అమ్మాయి ఎటు నడుస్తుంది, కెమెరా ఎక్కడ అన్నీ దాని మీద గుర్తులు పెట్టు. థ్రిల్లర్‌లో ఇది ఇంకా ముఖ్యం. తలుపు ఎటుందో తెలియని ప్రేక్షకుడు తలుపు చప్పుడుకి భయపడడు, అయోమయపడతాడు. అమ్మాయి చూపుకీ తలుపుకీ మధ్య ఒక గీత ఉందనుకుని కెమెరాని దానికి ఒకే పక్కన ఉంచితే దిక్కులు తారుమారు కావు.

షాట్ల జాబితాలో అవి లేకపోతే కథే లేదన్నవాటికి చుక్క పెట్టు. తాళంచెవి పెట్టే చెయ్యి, బొటనవేలు, పట్టేసిన తాళం. కథ వరుస పక్కన పెట్టి అవే ముందు తియ్యి. హిచ్‌కాక్ ‘సైకో’ (1960)లో స్నానాలగది హత్య తెర మీద ముప్పావు నిమిషం. దాన్ని తీయడానికి వారం పట్టింది. సాల్ బాస్ అనే డిజైనర్ ఆ షాట్లకి ముందుగానే బొమ్మలు వేసి ఇచ్చాడు. నీకు వారం ఎవరూ ఇవ్వరు, కానీ సినిమాకి ప్రాణమైన ఆ ముప్పావు నిమిషం ఏదో ముందే తెలుసుకుని సగం రోజు దానికి కేటాయించడం నీ చేతిలో ఉంది.

రిహార్సల్స్‌ని చిన్నచూపు చూడకు. క్రిస్టఫర్ నోలన్ మొదటి సినిమా ‘ఫాలోయింగ్’ (1998)లో నటించినవాళ్లకి, పనిచేసినవాళ్లకి వేరే ఉద్యోగాలున్నాయి. శనివారాలు కలుస్తూ దాదాపు ఏడాది తీశారు. ఫిల్మ్ రీలు ఖరీదు కాబట్టి ఒకటి రెండు టేకుల్లో అయిపోయేంతగా ముందే సాధన చేసేవాళ్లు. నీకు మెమరీ కార్డు ఉంది, ఎన్ని టేకులైనా తీసుకోవచ్చు. అందుకే నీకు రిహార్సల్ ఇంకా అవసరం అంటాను. పదిహేనో టేకుకి ఎవరికీ భయం నటించే ఓపిక ఉండదు.

చీకటి గురించి ఒక్క మాట. లైటు లేని గదిలో తీస్తే చీకటి రాదు, గింజలు గింజలుగా మురికి బొమ్మ వస్తుంది. ఒక పక్క నుంచి లైటు వేసి మిగతాది నీడలో వదలాలి. కిటికీలకి నల్లగుడ్డ కట్టుకుంటే రాత్రి సీను పగలే అయిపోతుంది, నిద్రలేని జట్టుతో అర్ధరాత్రి గొడవలూ ఉండవు. కొన్ని ఎల్‌ఈడీ లైట్లు కెమెరాలో మిణుకుమంటాయి, ఒకరోజు ముందే తీసి చూసుకో.

దీంట్లో మాత్రం నాతో వాదించకు. బొమ్మ తుపాకీ అయినా, కత్తి అయినా రోడ్డు మీదికి తీసుకెళ్లాలంటే పోలీసులకీ, చుట్టుపక్కలవాళ్లకీ ముందే చెప్పాలి. చూసినవాళ్లకి అది బొమ్మని తెలియదు. పదునున్న కత్తి సెట్‌లో కనపడకూడదు. మెడ పట్టుకునే సీనుంటే పట్టు ఎక్కడి వరకో ఇద్దరు నటులూ ముందే అనుకోవాలి, ఆపమని ఎవరు చెయ్యెత్తినా ఆ క్షణమే ఆపాలి. ఇంటివాళ్ల అనుమతి కాగితం మీద తీసుకో. ఎవరి పాటా, ఎవరి బీజీఎమ్మూ అడక్కుండా వాడకు.

బీజీఎం అంటే గుర్తొచ్చింది. ఆ స్నానాలగది సీనుకి సంగీతమే వద్దనుకున్నాడు హిచ్‌కాక్, సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ వయొలిన్లు విన్నాక మనసు మార్చుకున్నాడు. ఆ రెండూ సబబే. నువ్వు మాత్రం మొదటి కట్, అంటే తొలిసారి ఎడిట్ చేసిన సినిమా, సంగీతం లేకుండానే చెయ్యి. ఉత్త శబ్దాలతో సీను నిలబడకపోతే లోపం షాట్ల వరుసలో ఉందన్నమాట. ఆ కట్‌ని స్క్రిప్టు చదవని ఒకరికి చూపించి, మధ్య మధ్యలో ఆపి ‘ఇప్పుడు నీకేం తెలుసు?’ అని అడుగు. ‘బాగుందా?’ అని అడక్కు. వాళ్ల జవాబు నీ మూడో గడితో కలవకపోతే మళ్లీ ఎడిటింగ్‌కి కూర్చో. అందుకే షూటింగ్‌కి ఎన్ని రోజులు పెట్టుకుంటే ఎడిటింగ్‌కి కనీసం రెట్టింపు పెట్టుకోవాలి. సబ్మిషన్ తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టుకో.

ముగింపు నేను చెప్పను, అది నీ కథ. కలగా తేల్చేస్తే మాత్రం ఊరుకోను. మలుపు ఒక్కటే పెట్టు. అది తెలిశాక ముందు చూసిన షాట్లు ఇంకోలా అర్థం కావాలి, లేకపోతే అది మలుపు కాదు, నువ్వు దాచిపెట్టిన సమాచారం.

స్క్రిప్టు ఇప్పుడే తిరగరాయకు. ఆ మూడు గడుల కాగితం, ఇంటి ప్లాను ఫోటో తీసి ముందు పంపు. తాళంచెవులాయన ఏం చెప్పాడో కూడా రాయి, నాకూ వినాలని ఉంది.

ఇట్లు,
మీ అన్నయ్య