ఎక్స్‌రే అద్దాల తయారీకి ఖగోళశాస్త్రం చదవాలా?

ప్రశ్న: మెకానికల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. అంతరిక్ష ఎక్స్‌రే టెలిస్కోపులకు తేలికైన అద్దాలు తయారుచేసే పనిలోకి వెళ్లాలనుంది. ఖగోళశాస్త్రంలో ఎమ్మెస్సీ చేయాలా?

జవాబు: అక్కర్లేదు. పల్చటి అద్దపు పలకను వంగనివ్వకపోవడం, వంగితే ఎంత వంగిందో కొలవడం... అసలు పని ఇదే. రెండూ మీ బ్రాంచికి దగ్గరివే.

ఎక్స్‌రేలు అద్దానికి ఎదురుగా తగిలితే అందులోకి దూరిపోతాయి. ఉపరితలాన్ని రాసుకుంటూ, సుమారు ఒక డిగ్రీ కోణంలో వస్తేనే పరావర్తనం చెందుతాయి. అందుకే గొట్టాల్లాంటి అద్దాలను ఒకదానిలో ఒకటి అమరుస్తారు. 1999లో వెళ్లిన చంద్రా ఎక్స్‌రే టెలిస్కోపులో మందపాటి జెరోడూర్ (వేడికి దాదాపు వ్యాకోచించని గాజు-సెరామిక్) అద్దాలు నాలుగు జతలే. స్పష్టత అర ఆర్క్ సెకండ్ (ఆర్క్ సెకండ్ అంటే డిగ్రీలో 3600వ వంతు; ఈ అంకె ఎంత చిన్నదైతే చూపు అంత స్పష్టం), బరువు మాత్రం చాలా ఎక్కువ. అదే ఏడాది వెళ్లిన ఎక్స్ఎంఎం-న్యూటన్ టెలిస్కోపులో ఒక్కో అద్దాల మాడ్యూల్‌కు 58 పల్చటి నికెల్ గొట్టాలు, స్పష్టత 15 ఆర్క్ సెకన్ల దగ్గర. 2012 నాటి నూస్టార్ టెలిస్కోపులో గాజు 0.2 మి.మీ. మందమే, స్పష్టత దాదాపు ఒక ఆర్క్ నిమిషం, అంటే 60 ఆర్క్ సెకన్లు. పల్చబడినకొద్దీ చూపు మసకబారింది.

దీన్ని దాటడానికి నాసా గొడార్డ్ కేంద్రం ఏకస్ఫటిక సిలికాన్‌తో (మొత్తం ఒకే స్ఫటికంగా ఉండే సిలికాన్) పనిచేస్తోంది. దిమ్మె మీద కావలసిన వంపు తీర్చి, ఆ ముఖాన్ని పల్చటి పలకగా కోస్తారు. కోతకు దెబ్బతిన్న పైపొరను యాసిడ్‌తో తొలగిస్తారు. ఏకస్ఫటికంలో అంతర్గత స్ట్రెస్ (లోపలి ఒత్తిడి, లాగుడు) దాదాపు ఉండదు కాబట్టి, ఆ పొర పోగానే పలక తన ఆకారానికి వచ్చేస్తుంది. తర్వాత పాలిషింగ్, అయాన్ల పుంజంతో కొద్దికొద్దిగా చెక్కి సవరణ, ఎక్స్‌రేలను పరావర్తనం చేసే ఇరిడియం లోహపు పూత, చివరికి నాలుగు చిన్న స్తంభాల మీద ఎపాక్సీ జిగురుతో అతికింపు.

ఎక్కువగా తేడా కొట్టేది పూత దగ్గరే. 100 మి.మీ. చదరం, 0.5 మి.మీ. మందం ఉన్న సమతల సిలికాన్ పలక తీసుకోండి. దానిమీద 20 నానోమీటర్ల ఇరిడియం, అందులో 3 గిగాపాస్కల్ స్ట్రెస్ అనుకుని స్టోనీ సూత్రంలో (పూతలోని స్ట్రెస్‌కు పలక ఎంత వంగుతుందో చెప్పేది) వేయండి. మధ్యకూ అంచుకూ తేడా 10 మైక్రాన్లు వస్తుంది, అంచు దగ్గర వాలు 80 ఆర్క్ సెకన్లు! మందం సగం చేస్తే బరువు సగమవుతుంది, వంపు మాత్రం నాలుగు రెట్లు. వెనకవైపు అంతే స్ట్రెస్ ఉన్న పొర వేసి దీన్ని సరిదిద్దుతారు. ఇక ఎపాక్సీ గట్టిపడుతూ కుంచించుకుపోయి పలకను లాగుతుంది. పలక తన బరువుకే వంగుతుంది కాబట్టి, నేలమీద తీసిన కొలత కక్ష్యలో ఉండే ఆకారం కాదు.

ఈ లెక్కే మీ ప్రాజెక్టుగా పెట్టుకోండి. ముందు చేత్తో, తర్వాత వంపు ఉన్న పలకకు ఫైనైట్ ఎలిమెంట్ సాఫ్ట్‌వేర్‌లో (వస్తువును చిన్న ముక్కలుగా విడగొట్టి లెక్కించేది). రెండు జవాబులూ కలవవు. వంపున్న పలక ఎందుకు గట్టిగా నిలుస్తుందో వివరించగలిగితే సగం ఇంటర్వ్యూ అయినట్టే. కాలేజీలో ఇంటర్ఫెరోమీటర్ (కాంతి తరంగాలతో ఉపరితల ఆకారాన్ని కొలిచే పరికరం) ఉంటే ఒకే గాజు ముక్కను మూడు బిందువుల ఆధారం మీద పెట్టి, తీసి, మళ్లీ పెట్టి పదిసార్లు కొలవండి. పదీ ఒకేలా రాకపోతే తప్పు గాజుది కాదు, మీ అమరికది. చాలామంది ఈ మెట్టు వదిలేసి నేరుగా సాఫ్ట్‌వేర్‌కు పోతారు. ఆ కొలతల డేటాను పైథాన్‌లో లెజాండ్ర్ బహుపదులతో (ఉపరితల ఆకారాన్ని సరళమైన వంపుల మొత్తంగా రాసే గణిత సూత్రాలు) సరిపోల్చడం నేర్చుకోండి.

మాస్టర్స్‌కు ప్రెసిషన్ ఇంజనీరింగ్ గానీ అప్లైడ్ ఆప్టిక్స్ గానీ తీసుకోండి. నేరుగా ఈ అద్దాల మీద పని ఉన్న చోట్లు ప్రపంచంలోనే కొన్ని. అయితే సింక్రోట్రాన్ (తీవ్రమైన ఎక్స్‌రేలను పుట్టించే కణ యంత్రం) అద్దాలకూ చిప్ లితోగ్రఫీ (కాంతితో చిప్‌ల మీద సర్క్యూట్లు ముద్రించడం) ఆప్టిక్స్‌కూ కావలసింది ఇదే నైపుణ్యం, దరఖాస్తులు అటూ పెట్టండి.