రంగుకు అర్థం ఎవరు చెబుతారు?

ప్రశ్న: ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి బడిలో ప్రదర్శనకు ‘జెండాల్లో రంగుల అర్థాలు’ అనే పట్టిక తయారుచేస్తోంది. మన జాతీయ జెండాలోని కాషాయానికి ఒక పుస్తకంలో ధైర్యమనీ, మరొక దానిలో వైరాగ్యమనీ ఉంది. ఏది రాయమంటారు?
– ఒక పాఠకురాలు, నల్లకుంట, హైదరాబాద్

జవాబు: రెండూ రాయించండి, అయితే ఎవరు, ఎప్పుడు చెప్పారో పక్కనే చేర్చమనండి. 1921లో బెజవాడలో పింగళి వెంకయ్య గాంధీజీకి చూపిన నమూనాలో ఎరుపు, ఆకుపచ్చ ఉండేవి. వాటిని హిందువులకు, ముస్లింలకు గుర్తులుగా భావించేవారు కాబట్టి, తక్కిన మతాల వారి కోసం తెలుపును కూడా చేర్చమని గాంధీజీ సూచించారు. ఇలా రంగులను మతాలకు పంచడంపై అభ్యంతరాలు రావడంతో, 1931లో కాంగ్రెస్ ఎరుపుకు బదులు కాషాయాన్ని తీసుకుని, ఈ రంగులకు మతంతో సంబంధం లేదనీ, కాషాయం ధైర్యత్యాగాలకు, తెలుపు సత్యానికి, శాంతికి గుర్తులనీ ప్రకటించింది. మీరు చదివిన ‘ధైర్యం’ అక్కడిది.

1947 జులై 22న రాజ్యాంగ సభ ఆమోదించిన తీర్మానాన్ని చదివితే ఒక విశేషం కనిపిస్తుంది: అందులో ముదురు కాషాయం, తెలుపు, ముదురు ఆకుపచ్చ సమాన భాగాలుగా ఉండాలనీ, జెండా వెడల్పు పొడవులు 2:3 నిష్పత్తిలో ఉండాలనీ ఉందే తప్ప, ఏ రంగుకూ అర్థం చెప్పలేదు. సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆ సభలో మాట్లాడుతూ కాషాయాన్ని నాయకులకు ఉండవలసిన వైరాగ్యానికి, ఆకుపచ్చను నేలతో, పైరుపచ్చలతో మనకున్న బంధానికి గుర్తుగా వివరించారు. పిల్లలకు ఈ క్రమమంతా చెప్పాలని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే ఆ అర్థాలను మన పెద్దలు వాదించుకుని, ఆలోచించి ఏర్పరచుకున్నారు.

మన నగరపు ఉదాహరణ ఒకటి పట్టికలో చేర్చవచ్చు. అసఫ్ జాహీల జెండా పసుపుపచ్చగా ఉండి, మధ్యలో తెల్లని గుండ్రం ఉండేది. మొదటి నిజాం ఒక సూఫీ గురువు వద్ద ఏడు కుల్చాలు (గుండ్రని రొట్టెలు) తిన్నాడనీ, ఏడు తరాలు పాలిస్తారని ఆయన దీవించాడనీ, ఆ గుండ్రం కుల్చాకు గుర్తనీ ఇక్కడ తరతరాలుగా చెప్పుకుంటారు. ఈ కథ తెలియనివారికి అది సూర్యుడో చంద్రుడో అనిపిస్తుంది.

ప్రశ్న: చేర్యాల నకాషీ పటాల్లో బొమ్మల వెనుక ఎరుపు ఎందుకు? అది కోపానికి సంకేతమా?
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: కాదు. నాట్యశాస్త్రం రౌద్రరసానికి ఎరుపును, హాస్యానికి తెలుపును, భయానకానికి నలుపును కేటాయించిన మాట నిజమే కానీ, ఆ పట్టికను పటానికి అన్వయించకూడదు. కథకుడు జనం ముందు విప్పి చూపుతూ కథ చెప్పేందుకు గీసిన బొమ్మలివి. దూరాన కూర్చున్నవారికి కూడా పాత్రలు విడివిడిగా కనిపించాలంటే వెనుక ఎరుపు ఎంతో తోడ్పడుతుంది. చింతగింజల జిగురు, సుద్దమట్టి పూసిన బట్టపై దీపపు మసితో చేసిన నల్లని గీత ఎంత తేటగా నిలుస్తుందో దగ్గర నుంచి చూడండి. సంకేతం పాత్రల ఒంటిరంగులో ఉంటుంది: విష్ణువు అవతారాలకు నీలం, రాక్షసులకు ముదురు ఛాయలు వాడతారు.