క్యాడ్‌లో ఫిల్లెట్ ఇచ్చినా అతుకు దగ్గర గీత ఎందుకు కనిపిస్తుంది?

ప్రశ్న: శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడి పనిలో చూసిన కొమ్ముచెంబును క్యాడ్‌లో (కంప్యూటర్ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో) గీస్తున్నాను. కొమ్ము పొట్టకు అతికే చోట ఫిల్లెట్ (మూలను గుండ్రంగా కలిపే వంపు) ఇచ్చినా రెండర్‌లో, అంటే సాఫ్ట్‌వేర్ చూపే తుది బొమ్మలో, సన్నటి గీత వస్తోంది. వ్యాసార్థం పెంచితే ఎర్రర్.

జవాబు: ఫిల్లెట్ ఎలా ఏర్పడుతుందో ముందు చూద్దాం. 4 మి.మీ. వ్యాసార్థమున్న బంతి కొమ్మునూ పొట్టనూ తాకుతూ అతుకు చుట్టూ దొర్లుతోందనుకోండి. దాని కేంద్రం ఎక్కడుంటుంది? రెండు ఉపరితలాలనూ 4 మి.మీ. బయటికి జరిపితే అవి ఖండించుకునే వక్రం మీద. దానికి నేరుగా సూత్రం దొరకడం అరుదు. అందుకే సాఫ్ట్‌వేర్ న్యూటన్ పద్ధతితో (అంచనాను మళ్లీ మళ్లీ మెరుగుపరిచే లెక్కతో) ఒక్కో బిందువునూ సరిచేసుకుంటూ నడిచి, వాటి ఆధారంగా నర్బ్స్ ఉపరితలం (క్యాడ్‌లో నునుపైన వంపులను గణితంగా రాసే రూపం) పరుస్తుంది.

మీ గీతకు కారణం, ఈ ఫిల్లెట్ అడ్డుకోత వృత్తఖండం కావడమే. తాకే చోట దిశ కలుస్తుంది, వక్రత (ఎంత వంగిందో చెప్పే కొలత, 1/వ్యాసార్థం) కలవదు. తిన్నటి కొమ్ము పొడవునా వక్రత 0. ఫిల్లెట్‌లో అడుగుపెట్టగానే అది 1/4కి ఎగురుతుంది. చేత్తో తడిమితే తెలియకపోవచ్చు గానీ, మెరిసే ఇత్తడిపై ప్రతిబింబం సరిగ్గా అక్కడే మలుపు తిరుగుతుంది. జీబ్రా చారలు (ఉపరితలంపై నలుపు తెలుపు చారల ప్రతిబింబం చూపే సదుపాయం) ఆన్ చేసి చూడండి, స్పష్టంగా దొరుకుతుంది.

కాబట్టి జీ2 బ్లెండ్, అంటే వక్రత కూడా కలిసే అతుకు, వాడండి. రెండు చివరలా స్థానం, దిశ, వక్రత కలపాలంటే మొత్తం 6 షరతులు. 3వ డిగ్రీ వక్రం నాలుగే తీరుస్తుంది, 5వ డిగ్రీ ఆరూ తీరుస్తుంది. ఇలాంటి వస్తువుకి ఈ శ్రమ తప్పక పడాలి.

ఎర్రర్ సంగతి: లోపలికి వంగిన చోట వంపు వ్యాసార్థం 3 మి.మీ. ఉంటే 4 మి.మీ. బంతి అందులో పట్టదు. ఆ భాగంలో మారే వ్యాసార్థం ఇవ్వండి.