చీటీ ఇప్పుడే పాడకండి, చదువు మాత్రం మానకండి

విశాఖ గాజువాక నుంచి రాసిన టీచర్ గారి ఉత్తరం సారాంశం ఇది. వయసు 27, ప్రైవేటు స్కూల్లో నెలకు 18 వేలు, మే నెల జీతం ఇవ్వరు. ఇంటికి 8 వేలు ఇస్తారు, సొంత ఖర్చు 4 వేలు, చీటీకి 5 వేలు. బ్యాంకులో 2,80,000 ఉంది, అమ్మ ఇచ్చిన బంగారం కొంత ఉంది. అయిదు నెలల్లో ఎం.ఎస్.డబ్ల్యూ.లో (సోషల్ వర్క్ పీజీ) చేరి విద్య, సామాజిక అభివృద్ధి వైపు పనిచేయాలని కోరిక. చూసిన ప్రైవేటు కాలేజీలో రెండేళ్లకు ఫీజు లక్షన్నర. చీటీ పాడేసి ఫీజు కట్టేద్దామని ఆమె, ఆ డబ్బు పెళ్లికి ఉంచమని నాన్నగారు.

అమ్మా, ముందు మీరు రాసిన ఆ ఒక్క వాక్యం గురించి. సముద్రంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, సరిగ్గా అప్పుడే బడి తెరుస్తారు, చేతిలో రూపాయి ఉండదు కాబట్టి గంగవరం వైపు నుంచి వచ్చే మత్స్యకారుల పిల్లలు ఏటా జూన్‌లోనే బడి మానేస్తున్నారని రాశారు. తరగతిలో హాజరు పిలుస్తూ ఇది గమనించిన మనిషి ఈ చదువు చదవాల్సిందే. కాబట్టి చదవాలా వద్దా అన్నది వదిలేసి డబ్బు దగ్గరికి వస్తాను.

మీరందరూ ఫీజు గురించే టెన్షన్ పడుతున్నారు గానీ ఈ లెక్కలో పెద్ద ఖర్చు ఫీజు కాదు, ఆగిపోయే జీతం. ఏడాదికి 11 నెలల చొప్పున రెండేళ్లకు 3,96,000. అందులోంచి ఇంటికి వెళ్లే 8 వేలు, మీ 4 వేలు ఎక్కడి నుంచి వస్తాయన్నదే అసలు ప్రశ్న, 24 నెలలకు అది 2,88,000.

ఇప్పుడు చీటీ. మీరు పంపిన పుస్తకం ఫోటోలో ఆరు కంతులకు సంతకాలు ఉన్నాయి, ఇరవై నెలల లక్ష చీటీ. ఇప్పుడు పాడితే 72 వేలు వస్తుందన్నారు. సరే, వచ్చాక? ఇంకా 14 కంతులు కట్టాలి, డివిడెండ్ (పాటలో వదులుకున్న సొమ్ములో సభ్యులకొచ్చే వాటా) తీసేసినా చేతికొచ్చిన దాంట్లో చాలా భాగం తిరిగి అక్కడికే పోతుంది, అదీ జీతం లేని నెలల్లో. పైగా జామీను సంతకాలకు తోటి టీచర్లను అడగాలి, మీరేమో ఆ స్కూలు వదిలి వెళ్తున్నారు. అందుకే పాడకండి. చేరేలోపు మరో అయిదు కంతులు జీతంలోంచి కట్టండి, మిగిలిన తొమ్మిది, అంటే 45 వేలు, పొదుపులోంచి కట్టండి. కమిషన్ పోను 95 వేల దాకా చివర్లో వస్తుంది, అప్పటికి మీ మొదటి ఏడాది ముగియబోతుంటుంది, సరిగ్గా డబ్బు అవసరమయ్యే సమయం. పొదుపు, చీటీ కలిపి, కంతులు పోను 3,30,000 తేలుతుంది. ఇల్లు గడుస్తుంది, చేతిలో 42 వేలు మిగులుతుంది.

ఆ 2,80,000 ఒకే ఎఫ్‌డీగా ఉంచకండి. 40 వేలు సేవింగ్స్‌లో, మిగతాది 60 వేల చొప్పున నాలుగు ఎఫ్‌డీలు, మొదటిది చేరిన రెండో నెలకి, తర్వాతవి మూడు నాలుగు నెలల ఎడంతో చేతికొచ్చేలా వేయండి.

ఫీజుకి మాత్రం, ఆ లక్షన్నర వరకే, విద్యా రుణం తీసుకోండి. 4 లక్షల లోపు రుణానికి బ్యాంకు తాకట్టు అడగకూడదు, కాబట్టి బంగారం కదపక్కర్లేదు. చదువు అయ్యాక ఏడాది దాకా కిస్తీ మొదలవదు, కానీ వడ్డీ లెక్క మాత్రం మొదటి రోజు నుంచే నడుస్తుంది, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. 10 శాతం అనుకుంటే మొదటి ఏడాది వడ్డీ నెలకు 625, తర్వాత 1,250. ఆదివారాలు ఇద్దరు పిల్లలకు ట్యూషన్ చెప్పి అది ఎప్పటికప్పుడు కట్టేయండి. అలా కడితే అయిదేళ్ల కిస్తీ దాదాపు 3,190, కట్టకపోతే 4 వేలకు చేరుతుంది.

నేను లక్షన్నర దగ్గరే ఆగమనడానికి కారణం ఉంది. ఈ రంగంలో మొదటి జీతం పెద్దగా ఉండదు. రేపు మీకు ఇప్పటి 18 వేలే వచ్చినా, చీటీకి కడుతున్న 5 వేల కన్నా ఆ కిస్తీ తక్కువే. అంతకు మించి అప్పు చేస్తే, అది తీర్చడానికి మళ్లీ ఏదో కార్పొరేట్ స్కూల్లో చేరాల్సి వస్తుంది, మీరు వెళ్లాలనుకున్న పని పక్కకు పోతుంది. ఇలా పక్కకు పోయినవాళ్లను చూశాను, నాకు బాధేస్తుంది.

ఆ ప్రైవేటు కాలేజీకి అడ్వాన్స్ కట్టే ముందు ఏపీ పీజీసెట్ (పీజీ ప్రవేశ పరీక్ష) రాయండి, ఆంధ్రా యూనివర్సిటీలోనే సోషల్ వర్క్ విభాగం ఉంది. గాజువాక నుంచి సిటీ బస్సుల్లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఎలాగూ టికెట్ లేదు. బెంగళూరు వెళ్లగలిగితే అజీం ప్రేమ్‌జీ యూనివర్సిటీలో ఎం.ఏ. ఎడ్యుకేషన్, ఎం.ఏ. డెవలప్‌మెంట్ ఉన్నాయి, కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజులో సాయం చేస్తారు. ఇగ్నోలో దూరవిద్య కూడా ఉంది, ఉద్యోగం మానక్కర్లేదు, విశాఖలోనే ప్రాంతీయ కేంద్రం ఉంది. కానీ స్కూలు వదిలి ఊళ్లలో పనిచేయాలన్నది మీ కోరిక కాబట్టి నేనైతే రెగ్యులర్ కోర్సే చెబుతాను.

చేరబోయే కాలేజీలో ఒక్కటి అడిగి రండి. ఫీల్డ్‌వర్క్ వారానికి ఎన్ని రోజులు, ఎక్కడికి, దారి ఖర్చు ఎవరిది? పాడేరు, అరకు వైపు పంపితే ఊళ్లలోకి ఆటోలు, జీపులు, అక్కడే ఉండిపోయే రాత్రులు ఉంటాయి, ఆ 42 వేలు ముందు దానికే కరుగుతాయి. కాలేజీ చెప్పిన అంకె రాసుకుని, ఈ లెక్కతో పాటు నాన్నగారి ముందు పెట్టండి. బంగారం అలాగే ఉందన్న మాట ఆయనకు ముందే చెప్పండి.