మీ నాన్న ఎందుకు మాట్లాడలేదంటే

చిట్టీ,

జనవరిలో చెన్నై మారథాన్‌కి పేరిచ్చావని, అదీ సగం కాదు, మొత్తం 42.195 కిలోమీటర్లకని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నీ నోటితో చెప్పలేదని ముందు కోపం వచ్చింది. సాయంత్రానికి పెరంబూరు మార్కెట్లో కూరగాయలమ్మకి కూడా చెప్పేశాను, మా మేనకోడలు నలభై రెండు కిలోమీటర్లు పరిగెడుతోందని. "ఎందుకూ, బస్సు లేదా?" అంది.

నువ్వు చెప్పినప్పుడు మీ నాన్న పేపరు అడ్డం పెట్టుకుని ఊఁ కూడా అనలేదట. వాడికి ఇష్టం లేదని నువ్వు అలిగావట. ఇష్టం లేక కాదే పిచ్చిదానా.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. కొత్త బూట్లు ఆ రోజు తొడగకు. ముందు రాత్రి కొత్త తిండి వద్దు. దాహమైనంత తాగు, భయపడి లీటర్లు లీటర్లు తాగినా ఒంట్లో ఉప్పు పలచబడి ప్రమాదమే. పది పన్నెండు రోజులు ముందే వచ్చి మా ఇంట్లో ఉండు. 900 మీటర్ల ఎత్తున ఉన్న మీ బెంగళూరులో చెమట ఆరిపోతుంది. ఇక్కడ గాలిలో తేమకి ఆరకుండా ఉత్తినే కారుతుంది. ఒంటిని చల్లబరిచేది ఆరే చెమటే.

ముందు రోజు రాత్రి ఆఫీసు కాల్స్ పెట్టుకున్నావంటే ఊరుకోను. ఒక పరిశోధనలో 90 నిమిషాలు బుర్రకి పని పెట్టి, ఆ తర్వాత సైకిల్ తొక్కించి చూశారు. గుండె, కండరాలు ఎప్పటిలాగే ఉన్నా మనుషులు తొందరగా చేతులెత్తేశారు. అదే పని వాళ్లకి ఎక్కువ కష్టంగా అనిపించిందట. ఇంకో చిత్రం, తీపి నీళ్లు పుక్కిలించి ఉమ్మేసినా గంటసేపు చేసే పనిలో వేగం కాస్త పెరుగుతుంది. కడుపులోకి చుక్క పోకపోయినా మెదడు నమ్ముతుంది. 30 కిలోమీటర్లు దాటాక, కండరాల్లో దాచుకున్న గ్లైకోజెన్ అనే చక్కెర నిల్వ అడుగంటుతున్నప్పుడు, నువ్వు బేరమాడాల్సింది ఆ మెదడుతోనే. "వచ్చే దీపస్తంభం దాకా" అను. అది అయ్యాక ఇంకోటి. ఇదంతా నీకూ తెలుసు, వీడియోలు చూస్తావుగా.

నీకు తెలియనిది ఒకటుంది.

1987 మార్చి. మెరీనా పక్క రోడ్డు మీద 21 కిలోమీటర్ల పందెం. మా ఆఫీసు సెక్షన్లో పేరిచ్చిన ఆడదాన్ని నేనొక్కదాన్నే. ఒకాయన టీ తాగుతూ, "మధ్యలో ఆటో ఎక్కి వచ్చేస్తుందిలే" అన్నాడు. నవ్వేశాను గాని, ఆ ఆటో నా నెత్తినెక్కి కూర్చుంది. రెండు నెలలు దానితోనే పరిగెత్తాను.

అప్పట్లో నా బీరువా తలుపు లోపల ఒక ఫొటో అంటించి ఉండేది. 1984 లాస్ ఏంజెలెస్‌లో ఆడవాళ్లకి మొదటిసారి ఒలింపిక్ మారథాన్ పెట్టారు. అందులో గాబ్రియేలా ఆండర్సన్-షీస్ అనే స్విట్జర్లాండ్ ఆవిడ ఎండదెబ్బకి ఒక పక్కకి వంగిపోయి, తూలుతూ, చివరి చుట్టుకి ఐదు నిమిషాలకు పైగా తీసుకుని పూర్తి చేసింది. మనోబలం అంటే అదే అనుకున్నాను. డాక్టర్లు దగ్గరుండి కనిపెట్టుకుని ఉన్నారనీ, ఇంకా చెమట పడుతోంది కాబట్టే వదిలారనీ చాలా ఏళ్ల తర్వాత చదివాను.

పందెం ఆలస్యంగా మొదలైంది. మీ నాన్నకి పన్నెండేళ్లు. తాతయ్య సైకిల్ మీద, సీటు అందక లేచి నిలబడి తొక్కుతూ నా పక్కనే వచ్చాడు. హ్యాండిల్‌కి నీళ్ల సీసా తాడుతో కట్టుకున్నాడు. 15వ కిలోమీటరు దాకా ఒళ్లంతా నొప్పులే. కాళ్లు, పక్కటెముకలు, వీపు, ఒక్కొక్కటే వచ్చి మొరపెట్టుకున్నాయి. ఆ తర్వాత ఉన్నట్టుండి అన్నీ నోరు మూశాయి. హాయిగా ఉంది. గెలిచాననుకున్నాను. చూసుకుంటే నడి ఎండలో ముంజేతి మీద రోమాలు నిక్కబొడుచుకుని ఉన్నాయి, చలి వేస్తోంది. చేతి మీద చెమట లేదు, ఉప్పు చారలున్నాయి.

మీ నాన్న, "అక్కా, వంకరగా పోతున్నావు, ఆగు" అన్నాడు. వినలేదు. సైకిల్ అడ్డం పెట్టాడు. "నోరు మూసుకుని పక్కకి తప్పుకో" అన్నాను. పుట్టినప్పటి నుంచీ ఎత్తుకు తిప్పిన పిల్లాణ్ణి. వాడు ఏడుస్తూనే పక్కన తొక్కుకుంటూ వచ్చాడు.

తర్వాతిది వాడు చెప్పగా విన్నదే. కొబ్బరి బోండాలాయన పట్టుకుని నీడలో కూర్చోబెట్టి పేరడిగితే మా అమ్మ పేరు చెప్పానట. ఆయన కుండలో నీళ్లన్నీ నా నెత్తిన కుమ్మరించాడు. ఆటోలోనే ఆస్పత్రికి తీసుకెళ్లారు, ఆ ఆటోలోనే! రెండు రోజులున్నాను. ఆఫీసులో మాత్రం కాలు బెణికిందని చెప్పాను. ఆ అబద్ధం వల్ల పదకొండేళ్లు మళ్లీ బూట్లు కట్టలేదు. మనసు గట్టిది కాదని నాకు నేనే తీర్పు ఇచ్చేసుకున్నాను. తప్పు మనసుది కాదు, చెవిది. ఒళ్లు చెప్పేది వదిలేసి టీ తాగే ఆయన చెప్పింది విన్నాను.

నువ్వు ఇన్‌స్టాగ్రామ్‌లో ఇన్ని గంటల్లో పూర్తి చేస్తానని రాశావట. తీసెయ్యమనను. నీకు ఎంతమంది టీ తాగేవాళ్లున్నారో ఒకసారి లెక్కపెట్టుకో. ఆ రోజు నొప్పి పెడుతున్నంతసేపూ నాకు బెంగ లేదు, ఏడుస్తూనైనా పరిగెత్తు. హాయిగా ఉండి చలి వేసిందో, అక్కడే కూర్చో.

నిన్న మీ నాన్న ఫోన్ చేశాడు. ఆ పందెం మాట ముప్పై ఎనిమిదేళ్లలో మొదటిసారి వాడే ఎత్తాడు. సైకిల్ రానివ్వరు కాబట్టి 30వ కిలోమీటరు దగ్గర ఫుట్‌పాత్ మీద నిలబడతాడట. నీ పేరు అడుగుతాడు, పదిహేడులోంచి ఎనిమిది తీసేస్తే ఎంతని అడుగుతాడు. నవ్వకుండా జవాబు చెప్పు. సరిగ్గా చెబితే వాడే నిన్ను ముందుకి తోస్తాడు. తడబడ్డావని వాడు ఆగమంటే మాత్రం, నేనన్న మాట అనకు.

మీ అత్త